జహీరాబాద్ పాత పంటల జాతర: జొన్న ఎట్లా పోయింది, ఎవరు ఆపారు

పోయినసారి మంజీరా మీద నిజాంసాగర్ ఎట్లా కట్టారో చెప్పుకున్నాం. 1923లో పని మొదలై 1931లో పూర్తయింది, దాని కింద బోధన్ వైపు వరి, చెరకు పెరిగాయి. ఆ ఎపిసోడ్ చూసి ఒకాయన ఒక ప్రశ్న అడిగారు. "నది పక్కనే ఉండి నీళ్లు అందని మెట్ట ఊళ్ల సంగతేంటి సార్, వాళ్లకు చరిత్ర లేదా?" అని. చాలా మంచి ప్రశ్న. ఆ ఊళ్లకు చరిత్ర ఉంది, కాకపోతే అది ఆనకట్ట మీద శిలాఫలకంలా కనపడదు. ఆ చరిత్రను నేను ఎడ్లబండ్ల మీద చూశాను. ఈరోజు దాని గురించే.

జహీరాబాద్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు మీద వంద కిలోమీటర్లు దాటాక వస్తుంది. పాత మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. పక్కనే బీదర్. ఊళ్లలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసిపోయి వినపడతాయి, కందిని కూడా అక్కడ తొగరి అంటారు, అది కన్నడం మాట. నేల కొంత ఎర్రగా, గులకరాళ్లతో ఉంటుంది, కొంత నల్లరేగడి. కింద మంజీరా పోతుంది కానీ ఆ నీళ్లు ఒకప్పుడు నిజాంసాగర్‌కు, తర్వాత సింగూరు కట్టాక హైదరాబాద్ నల్లాలకు. ఈ మెట్టకు వాన ఒక్కటే దిక్కు.

2019 జనవరి చివర్లో నేను అక్కడికి వెళ్లాను, పాత పంటల జాతర చూడ్డానికి. ప్రతి ఏటా సంక్రాంతికి మొదలై దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతుంది ఈ జాతర. ఫిబ్రవరి మధ్యలో ఝరాసంగం మండలం మాచనూరులో ముగుస్తుంది. నడిపేది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ, అసలు చేసేది దానిలోని మహిళా సంఘాలు. జాతర అనగానే మనకు దేవుడు, రథం, రంగులరాట్నం గుర్తొస్తాయి కదా. ఇక్కడ బండి మీద ఊరేగేది విత్తనాలు. బండ్లకు మామిడాకులు, జొన్న కంకులు కట్టారు. ఒక్కో బండిలో కుండలు, పేడతో అలికిన బుట్టలు. వాటిలో పచ్చజొన్న, తెల్లజొన్న, ఎర్రజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, నల్ల తొగరి, తెల్ల తొగరి, అనుములు, ఉలవలు, అలసందలు, అవిసెలు, కుసుమలు... నేను రాసుకుంటూ పోయి ఒక చోట ఆపేశాను. ముందు డప్పులు. ఊరి పొలిమేర దగ్గర ఆడవాళ్లు ఎదురొచ్చి ఎడ్ల కాళ్ల మీద నీళ్లు పోసి, బొట్టు పెట్టి, బండ్లను లోపలికి తీసుకెళ్లారు. తర్వాత చెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నారు. ఏ విత్తనం మీ ఊళ్లో ఉంది, ఏది పోయింది, ఎవరికి కావాలి, అంతే. నేను వెళ్లిన రోజు స్టేజీ లేదు, శాలువాలు లేవు. నాకు అదే నచ్చింది.

ఒక విషయం గమనించాను. ఆ రోజంతా అక్కడ "మిల్లెట్" అన్న మాట వినలేదు. జొన్న అంటే జొన్న, కొర్ర అంటే కొర్ర. మనం పట్నంలో వీటికి ఎన్ని పేర్లు పెట్టామో చూడండి. మొదట తృణధాన్యాలు అన్నాం. తృణం అంటే గడ్డి. ఇంగ్లీషు కాగితాల్లో వీటి పేరు ముతక ధాన్యాలు. 2018లో కేంద్ర ప్రభుత్వం గెజిట్ ఇచ్చి పోషక ధాన్యాలని పేరు మార్చింది. ఇప్పుడేమో సిరిధాన్యాలు. గింజ అదే. దాన్ని చూసే చూపు మారుతూ వచ్చింది. ఆ చూపు ఎట్లా మారిందన్నదే అసలు కథ.

జొన్నను చిన్నచూపు చూడడం ఇవాళ్టిది కాదు. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడు పల్నాడు వెళ్లి, అక్కడ ఏ ఇంట చూసినా జొన్నే, సన్నన్నం కంటికి కనపడదని వాపోయినట్టు ఆయన పేర చాటుపద్యాలున్నాయి. రాజాస్థానాల్లో భోంచేసిన కవి ఆయన, ఆయన బాధ ఆయనది. కానీ ఆ పద్యాలను మనం మరో రకంగా చదవచ్చు. సాగునీళ్లు లేని సీమలో జనాన్ని బతికించిన గింజ ఏదో ఆ ఎగతాళిలోనే రికార్డయింది. తెలంగాణలో కూడా అంతే. చెరువు కింద వరి, మెట్టన జొన్న. చెరువు కింద భూమి ఎవరిది? ఊళ్లో ఉన్నవాళ్లది. మెట్ట ఎవరిది? మిగిలినవాళ్లది. అందుకే వరన్నం పండగపూట వంట అయింది, జొన్న గట్క, జొన్న రొట్టె రోజువారీ కూడు అయింది. అన్నం తినేవాళ్లు, గట్క తినేవాళ్లు అని ఊళ్లో రెండు అంతస్తులు. ఈ సంగతి మర్చిపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

జొన్నకు ఇంకో గుణం ఉంది, నిల్వ. పాతరలు విన్నారా? ఇంటి ముందో, కళ్లం దగ్గరో నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పేసేవారు. గాలి తగలదు, పురుగు బతకదు. తీసేటప్పుడు వెంటనే మనిషిని దించేవాళ్లు కాదు, లోపలి గాలికి ప్రాణం పోతుంది. దీపం దించి చూసేవాళ్లు, దీపం ఆరకపోతేనే మనిషి దిగేది. 1876-78 మధ్య దక్కన్‌ను ఊడ్చేసిన కరువు లాంటివి ఎన్నో చూసిన సీమ ఇది. పాతర అంటే వచ్చే కరువు కోసం కట్టుకున్న బీమా.

మరి ఇంత గట్టి పంట ఎట్లా పోయింది? ఒక్క దెబ్బతో పోలేదు.

మొదటిది హైబ్రిడ్. 1964లో మన దేశంలో మొదటి హైబ్రిడ్ జొన్న విడుదలైంది, సీఎస్‌హెచ్-1 అని. దిగుబడి పెరిగింది, అది అబద్ధం కాదు. దేశానికి అప్పుడు తిండిగింజలు కావాలి, శాస్త్రవేత్తలు తమ పని తాము చేశారు. కానీ ఆ మొక్క పొట్టిది, పంట కాలం తక్కువ. పొట్టిదైతే చొప్ప తక్కువ. త్వరగా కాస్తే వానలు ఇంకా పడుతుండగానే కంకి గట్టిపడుతుంది, గింజకు బూజు పడుతుంది. నాటు జొన్న అట్లా కాదు, మనిషి కంటే ఎత్తు పెరిగి, వానలు వెనకబట్టాక గింజ కడుతుంది. చొప్ప అంటే మనకు పట్టింపు లేకపోవచ్చు, రైతుకు ఉంది. చొప్ప లేకపోతే ఎడ్లకు మేత లేదు. మేత కొనలేక ఎడ్లను అమ్మితే పేడ పోయింది. పేడ పోతే ఎరువు బస్తా కొనాలి. పైగా హైబ్రిడ్ గింజను దాచుకుని మళ్లీ విత్తితే అదే పంట రాదు, ఏటా కొత్త ప్యాకెట్ కొనాల్సిందే. గింజ మారితే ఇంటి లెక్క మొత్తం మారిపోయింది. దీన్ని పాఠ్యపుస్తకాల్లో దిగుబడి అంకెతో కొలుస్తారు, చొప్ప ఆ అంకెలోకి రాదు.

రెండోది బియ్యం. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. దీని గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ మధ్య కొందరు కడుపు నిండినవాళ్లు, ఆ పథకమే జొన్నను చంపిందని చాలా సులువుగా అనేస్తున్నారు. ఆకలితో ఉన్న ఇంటికి ఆ బియ్యం ఎంత పెద్ద ఊరటో ఆ ఇంట్లో పుట్టినవాళ్లను అడగండి. ఇంతకుముందు చెప్పాను కదా, వరన్నం పండగపూట వంట అని. తరతరాలుగా ఎదురింటి కుండలో చూసిన అన్నం మన కుండలో రోజూ ఉడకడం అంటే అది తిండి ఒక్కటే కాదు, గౌరవం. కాదనే హక్కు మనకు లేదు.

అయితే రెండో సగం కూడా చెప్పాలి. రేషన్ షాపులోకి వచ్చింది బియ్యమే. అది నీళ్లున్న సీమల్లో పండింది, ప్రభుత్వం దాన్నే కొన్నది. మెట్టన జొన్న పండించిన మనిషికి కొనే దిక్కు లేదు, తన ఇంట్లో తినాల్సిన అవసరమూ తగ్గింది. అప్పుడు ఆ చేను ఏం కావాలి? బీడు పడుతుంది. అట్లా అని బియ్యం నెలంతా సరిపోదు. మిగతా రోజులకు కొనుక్కోవాలంటే కూలి కావాలి. చేను ఉన్న మనిషి తన చేను బీడు పెట్టుకుని కూలికి పోవడం అన్నమాట. జహీరాబాద్ ప్రాంతంలో దళిత కుటుంబాలకు భూసంస్కరణల తర్వాత పంచిన భూముల్లో చాలావరకు ఇట్లాంటి రాళ్ల నేలలే. పట్టా చేతిలో ఉంది, చేలో తుమ్మ మొలిచింది.

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైందీ 1983లోనే. కాకతాళీయమే గానీ చరిత్ర చెప్పేటప్పుడు ఇట్లాంటివి భలే పనికొస్తాయి. దానికి పెద్దదిక్కు పి.వి. సతీష్ గారు. అంతకుముందు దూరదర్శన్‌లో పల్లె కార్యక్రమాలు చేసిన మనిషి. ఊళ్లలో ఆడవాళ్ల సంఘాలు కట్టారు, ఎక్కువమంది దళిత మహిళలు. మొదట్లో బీడు భూమి బాగు చేసుకోవడం, కట్టలు పోయడం, కౌలుకు కలిసి తీసుకోవడం, ఇవి. విత్తనం దగ్గరికి వాళ్లు ఆలోచనతో కాదు, అవసరంతో వచ్చారు. చేను బాగయింది, ఏం వేయాలి? కొన్న విత్తనానికి డబ్బు లేదు. ఇంట్లో దాచిన గింజ ఎవరి దగ్గరుందని వెతకడం మొదలైంది.

1990ల మధ్యలో వాళ్లు చేసిన పని నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ గుండెకాయ. దాన్ని ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ అన్నారు. పేరు పెద్దదే, పద్ధతి మాత్రం చాలా సింపుల్. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ నుంచి డబ్బు సాయం వచ్చింది. ఊళ్లో బీడు పెట్టుకున్న చిన్న రైతుకు దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి ఆ డబ్బు అప్పుగా ఇస్తారు. అప్పు తీర్చాల్సింది రూపాయల్లో కాదు, జొన్నల్లో, విడతలవారీగా. ఆ జొన్న ఊళ్లోనే బుట్టల్లో దాస్తారు. వేప ఆకు, బూడిద, అంతే మందు. వానాకాలంలో, అంటే పాత గింజ అయిపోయి కొత్త పంట ఇంకా రాని నెలల్లో, ఆ జొన్నను బీద ఇళ్లకు బజారు కన్నా బాగా తక్కువ ధరకు ఇస్తారు. వచ్చిన డబ్బు మళ్లీ నిధిలోకి.

ఎవరు బీదవాళ్లో ఎవరు తేల్చాలి? ఇది ప్రతి పథకంలోనూ కొట్లాటే కదా. వాళ్లు ఏం చేశారంటే, ఊరంతా ఒక చోట చేరి నేల మీద ఊరి పటం గీసి, ఇల్లిల్లూ చూపించి, ఈ ఇంటికి ఎంత కరువు అని అందరి ముందూ తేల్చారు. ఆఫీసు కాగితం మీద అబద్ధం చెప్పచ్చు, పక్కింటామె ఎదురుగా కూర్చున్నప్పుడు కష్టం. ఎక్కువ బీద ఇంటికి ఎక్కువ జొన్న. రేషన్ షాపు చేసే పనే ఇదీ. కాకపోతే గింజ పండేదీ, దాచేదీ, పంచేదీ అదే ఊళ్లో.

విత్తనానికీ ఇదే లెక్క. సంఘం దగ్గర ఒక మానిక విత్తనం తీసుకుంటే పంట వచ్చాక రెట్టింపు తిరిగి ఇవ్వాలి. పైసలు లేవు. నేను వెళ్లిన ఊళ్లో అరవై దాటిన ఒక పెద్దమ్మను, షాపులో విత్తనం దొరుకుతుంది కదా, ఇదంతా ఎందుకు అని అడిగాను. కొంచెం రెచ్చగొడదామనే అడిగాను లెండి. ఆమె ఒక బుట్ట మూత తీసి, "గా ప్యాకెట్ల ఇత్తనం ఒక్క పంటకే సారూ. గిది మా అత్త ఇచ్చింది, నేను కోడలికిచ్చిన. దుకాణపోడు కొడలికిస్తడా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అందులో ఆస్తి హక్కు చరిత్ర ఉంది. భూమి పట్టా మగవాళ్ల పేరు మీద నడిచిన సమాజంలో అత్త నుంచి కోడలికి వచ్చిన ఆస్తి ఆ బుట్ట. ఏ చేలో ఏం వేయాలో ఆ బుట్ట ఉన్నమనిషి చెప్పేది. ప్యాకెట్ వచ్చాక ఆ నిర్ణయం బజారుకు వెళ్లి కొనుక్కొచ్చే మగమనిషి చేతికి పోయింది. హరితవిప్లవం గురించి ఎన్నో పుస్తకాలు చదివాను, ఈ ముక్క నాకు ఇంత సూటిగా ఎక్కడా దొరకలేదు.

అదే రోజు మధ్యాహ్నం సత్యం పంటలు అన్న మాట విన్నాను. నల్లరేగడిలో వానలు ఆగాక వేసే చలికాలపు పంటలు: యాసంగి జొన్న, శనగ, అవిసె, కుసుమ లాంటివి. వీటికి వాన లేదు, బావి లేదు. నేలలో మిగిలిన తేమ, రాత్రి కురిసే మంచు, అంతే. వట్టి గాలిలోంచి పంట వచ్చినట్టే. అది సత్యం కాకపోతే ఇంకేంటి అంటారు వాళ్లు. ఎర్రనేలలో అయితే వానాకాలం ఒకే చేలో పది పదిహేను రకాలు కలిపి విత్తుతారు. జొన్న పోయినా తొగరి నిలుస్తుంది, అది పోయినా ఉలవ ఉంటుంది. పాతర పోయినా బీమా ఇంకో రూపంలో ఉంది.

జాతర వచ్చింది ఇక్కణ్ణుంచే. సుమారు పాతికేళ్ల కిందట, విత్తనాలు కొన్ని ఊళ్లలో కూడాయి, మిగతా ఊళ్లకు ఎట్లా చేరాలి? మామూలుగా అయితే ఏం చేస్తారు? జిల్లా కేంద్రంలో సదస్సు పెడతారు, బ్యానర్ కడతారు. అది రైతు దగ్గరికి పోదు. జాతర అయితే రైతుకు తెలుసు. బండి కట్టడం తెలుసు, ఎదురెళ్లడం తెలుసు. మెదక్ సీమకు జాతరలు కొత్త కాదు, ఏడుపాయల జాతరకు ఎన్ని బండ్లు కట్టేవారో పెద్దవాళ్లను అడగండి. పక్కన బీదర్, కలబురగి వైపు ఎళ్లమావాస్య రోజు ఇంటిల్లిపాదీ చేనుకు పోయి అక్కడే భోంచేస్తారు. చేనును పూజించే అలవాటు ఈ నేలకు పాతదే. ఉన్న అలవాటులోనే కొత్త పని పెట్టారు. అందుకే ఇన్నేళ్లు నిలిచింది.

జహీరాబాద్ పోయే దారిలోనే పటాన్‌చెరు తగులుతుంది. అక్కడ 1972లో పెట్టిన ఇక్రిశాట్ ఉంది. దాని జన్యు భాండాగారంలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. అది చాలా విలువైన పని, ఒకటి మంచిది ఇంకోటి చెడ్డది అని నేను అనను. తేడా మాత్రం ఉంది. చల్లటి గదిలో గింజ నిద్రపోతుంది, దాచిన నాటి వాతావరణమే దానికి తెలుసు. చేలో గింజ ఏటా మారే వాననూ ఎండనూ చూస్తుంది. ఒకే రోడ్డు మీద ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. అటు వెళ్తే రెండూ చూసి రండి.

సంఘాల ఆడవాళ్లు విత్తనంతో ఆగలేదు. చదువు రాని కొందరు వీడియో కెమెరా పట్టుకున్నారు, వరంగల్ వెళ్లి బీటీ పత్తి రైతుల గోడు సినిమాగా తీశారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంగం రేడియో మొదలుపెట్టారు, 90.4 ఎఫ్ఎం. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఆయన ఉన్నారు. ఆ తీర్పు నుంచి ఆ రేడియో దాకా ఒక ఎపిసోడ్ చేయచ్చు, చేస్తాను.

నేను జాతరకు వెళ్లొచ్చిన ఏడాదే, 2019లో, ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, మన దేశం అడిగితేనే. సతీష్ గారు ఆ ఏడాది మార్చిలోనే పోయారు.

ఇక ఇప్పటి సంగతి. హైదరాబాద్‌లో కొర్రలు, సామలు అందమైన ప్యాకెట్లలో బియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. శ్రీనాథుడు చూస్తే ఏమనేవాడో. షుగర్ ఉన్న మనిషికి జొన్నరొట్టె డాక్టర్ చెప్పిన మందు అయింది. అన్నం తినేవాళ్లు, గట్క తినేవాళ్లు అని చెప్పానే, ఆ అంతస్తులు తలకిందులయ్యాయి. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమ రెండు, ముతక ధాన్యం ఒక్క రూపాయి అని రాశారు. ఆ మూడో మాట మన రేషన్ షాపుల్లో ఎక్కడైనా కనపడిందేమో మీరే చెప్పండి. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. సన్నన్నం ఇప్పుడు అందరి ఇంట్లో ఉంది. బాగుంది. ఆ సంచిలో ఒక్క కిలో జొన్న కూడా చేరిస్తే, దాన్ని జహీరాబాద్ లాంటి చోట్లే కొంటే ఏమవుతుందన్నది సంఘాలు ముప్పై ఏళ్ల కిందటే చేసి చూపించాయి. ప్రభుత్వాలు ఎందుకు చేయట్లేదంటే, వరి కొనుగోలుకు మిల్లులు, గోదాములు, లారీలు, ఓట్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. జొన్నకు ఏదీ లేదు. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

గింజ నిలిచినా నేల సంగతి వేరే. జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి, అందరూ నిమ్జ్ అంటారు, దానికి 2016లో కేంద్రం అనుమతి వచ్చింది. మొత్తం 12,635 ఎకరాలు, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 ఊళ్లు. జాతర బండ్లు తిరిగే మండలాలే అవి. ఉద్యోగాలు వస్తాయని కొందరు ఎదురుచూస్తున్నారు, వాళ్ల ఆశ కూడా నిజమే. కానీ భూమికి పరిహారం లెక్కగట్టే కాగితంలో మెట్టచేనును వానాధారం అని ఒక్క మాటలో రాస్తారు. నీళ్లు లేకుండా మంచుతో శనగ పండే నల్లరేగడికీ, ఏమీ పండని గట్టుకూ ఆ గడిలో తేడా కనపడదు. భూసేకరణ ఇంకా నడుస్తూనే ఉంది. వచ్చే సంక్రాంతి తర్వాత ఎవరైనా అటు వెళ్తే మాచనూరు దాకా వెళ్లండి, ముందుగా కనుక్కుని వెళ్లండి, బండ్లు ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాయో ఆ ఏడాది నిర్ణయిస్తారు.